‘డేటా అంతా వచ్చేసింది సార్’

సంపాదకులకు,

చిక్కడపల్లిలో పాతికేళ్లుగా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, జీఎస్టీ వచ్చాక అవీ వేస్తున్నాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. నా పాత కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు, విండోస్ 11 ఎక్కదన్నారు. సరేనని సికింద్రాబాద్ పార్క్ లేన్‌కి వెళ్లి కొత్తది కొన్నాను. షాపు కుర్రాడు ఇంటికొచ్చి గంటలో పని ముగించి, ‘డేటా అంతా వచ్చేసింది సార్’ అని టీ తాగి వెళ్లాడు. ట్యాలీ ఫైళ్లు, ఫొటోలు, క్లయింట్ల పాన్ కార్డులు నిజంగానే వచ్చాయి. మెయిళ్లు చూసుకునే అవుట్‌లుక్ ప్రోగ్రాం తెరిస్తే కాంటాక్టులు లేవు, క్యాలెండర్ ఖాళీ.

నేనేమీ టెన్షన్ పడలేదు. ఆరు నెలలకోసారి కాంటాక్టులను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకునే మనిషిని. తీయడమే గానీ, ఒక్కసారీ తెరిచి చూసుకున్న పాపాన పోలేదు. ఇంగ్లీషులో ఎక్కించిన పేర్లు బాగానే ఉన్నాయి. తెలుగులో ఎక్కించిన 118 పేర్ల చోట వరసగా ప్రశ్నార్థకాలు! పక్కన ఫోన్ నంబరు ఉంది, అది పాలవాడిదో పెద్దమ్మదో తెలియదు. నా పాత అవుట్‌లుక్ 2007 సీఎస్‌వీలో తెలుగు అక్షరాలు రాయలేదట. ఒకసారి ప్రశ్నార్థకం అయ్యాక ఆ అక్షరం ఇక తిరిగి రాదు.

పాత సీపీయూకి కుర్రాడు 1,500 ఇస్తానన్నాడు. బేరం కుదరక ఇవ్వలేదు, బతికిపోయాను.

ఆదివారం మా మేనకోడలు వచ్చి చూసింది. ‘మామయ్యా, మీ మెయిళ్లు, కాంటాక్టులు, క్యాలెండర్ అన్నీ ఒక్క పీఎస్‌టీ ఫైల్లో ఉంటాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ కాపీ చేస్తే అది రాదు’ అంది. అవుట్‌లుక్ 2007లో ఆ ఫైల్ యాప్‌డేటా అనే ఫోల్డర్ లోపల ఉంటుంది. ‘హిడెన్ ఐటమ్స్’ దగ్గర టిక్ పెడితే గానీ ఆ ఫోల్డర్ కంటబడదు. పాత కంప్యూటర్‌లో అవుట్‌లుక్ మూసేసి ఫైల్‌ని కాపీ చేసి, కొత్త కంప్యూటర్‌లో క్లాసిక్ అవుట్‌లుక్ (పాత తరహా అవుట్‌లుక్) వేసి, ‘ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్’లోంచి ఇంపోర్ట్ చేసింది. తెలుగు పేర్లు తెలుగులోనే వచ్చాయి.

అయినా ఒక తిరకాసు మిగిలింది. ఉగాదికి పంచాంగం కొనగానే మా నాన్నగారి తద్దినం, మార్గశిర బహుళ నవమి, ఏ తారీకున పడిందో చూసి క్యాలెండర్‌లో రోజంతా ఉండే ఎంట్రీగా ఎక్కిస్తాను. అది ముందురోజు ఉదయం 10.30కి మొదలైనట్టు చూపిస్తోంది. 20న వేయాల్సిన జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-3బీ, 19కి జరిగింది. చూస్తే కంప్యూటర్ టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ మీద ఉంది. కుర్రాడు గడియారాన్ని చేత్తో తిప్పి సరిచేశాడే గానీ జోన్ ముట్టుకోలేదు. జీఎస్టీ ఒకరోజు ముందు కడితే మునిగిపోయేదేం లేదు, తద్దినం ముందురోజు పెట్టలేం కదా!

షాపుల వారికి నా మనవి ఒక్కటే. ‘అంతా వచ్చేసింది’ అనే ముందు కస్టమర్ చేతనే ఒక కాంటాక్టు, ఒక క్యాలెండర్ తేదీ తెరిపించండి. అది అయ్యేదాకా పాత డిస్క్ ఫార్మాట్ చేయొద్దు. మీ కంప్యూటర్ పేజీలో కొత్త ఫోన్ల కబుర్ల మధ్య ఈ పీఎస్‌టీ సంగతికి ఓ అర కాలమ్ ఇవ్వగలరు.

- ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్, చిక్కడపల్లి, హైదరాబాద్