విషయం: పీఆర్‌ఐ లైనులో మాట వినపడని కాల్స్, మీ స్విచ్‌లో ఛానెల్ నంబర్ల తప్పు

కార్పొరేట్ కనెక్షన్ల విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

కాకినాడలోని మా ఆసుపత్రికి మీరిచ్చిన పీఆర్‌ఐ లైను (ఒకేసారి ముప్పై కాల్స్ నడిచే డిజిటల్ లైను) మొదలైన నాటి నుంచీ సగమే పనిచేస్తోంది. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ మీ టెక్నీషియన్ వస్తాడు, మోడెమ్ మీద పచ్చ లైటు చూస్తాడు, తన సెల్ నుంచి ఒక కాల్ కలిపి చూసి, "లైను బాగానే ఉంది సార్, మీ ఈపీఏబీఎక్స్‌లోనే (ఆసుపత్రి లోపలి ఫోన్ ఎక్స్ఛేంజీలోనే) ఏదో ఉంది" అని వెళ్లిపోతాడు. సాయంత్రానికి డాకెట్ (ఫిర్యాదు నమోదు) మూసేసినట్టు మెసేజ్ వస్తుంది. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టడం లేదు. అతను చూడగలిగింది వైరు వరకే. తప్పున్నది మీ స్విచ్ (ఎక్స్ఛేంజీ) రూంలో మా లైనుకు ఎక్కించిన డేటాలో.

ఇబ్బంది పొద్దున ఓపీ రద్దీలోనే వస్తుంది. పదిహేను కాల్స్ వరకూ అన్నీ బాగుంటాయి. ఆ పైన వచ్చే ప్రతి కాల్ రింగవుతుంది, మా అమ్మాయిలు ఎత్తుతారు, అవతల నిశ్శబ్దం. "హలో, హలో, వినపడుతోందా అండీ" అని వీళ్లు, బహుశా అదే మాట అటు పేషెంటు మనిషి. కాసేపటికి ఆయనే పెట్టేస్తాడు. క్యాజువాల్టీ నంబరు కూడా ఈ లైను మీదే ఉంది. అంబులెన్స్ కోసం చేసినవాళ్లకు ఇలా జరిగితే ఆ ఆలస్యానికి ఎవరు జవాబుదారీ?

మా ఈపీఏబీఎక్స్ ఇంజనీరు డీ ఛానెల్ (కాల్ కలిపే సంకేతాలు పోయే ఛానెల్) ట్రేస్, అంటే ఆ సంకేతాల రికార్డు, తీశాడు. ఈ పీఆర్‌ఐ నడిచే ఈ1 అనే డిజిటల్ లింకు మీద 32 టైమ్‌స్లాట్లు (విడివిడి దారుల్లాంటివి) ఉంటాయి. 0 సింక్‌కు (రెండువైపులా సమయం కలిపేందుకు), 16 సిగ్నలింగ్‌కు (ఆ సంకేతాలకు) పోగా మాటకు మిగిలేవి 1 నుంచి 15, 17 నుంచి 31. ఇది మీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు. కానీ మీ స్విచ్‌లో వీటిని వరసగా 1 నుంచి 30 అని నంబర్లు వేసినట్టు ట్రేస్‌లో కనబడుతోంది. అంటే మీ 16 నిజానికి 17వ స్లాట్, మీ 17 నిజానికి 18వ స్లాట్. సిబ్బంది సెల్‌ఫోన్లతో పదిహేను కాల్స్ కలిపి ఉంచి మరొకటి చేయించాం. మీ స్విచ్ 16వ ఛానెల్ అడిగింది. అది సిగ్నలింగ్‌ది కాబట్టి మా సిస్టమ్ 44వ నంబరు కారణ కోడ్‌తో, అంటే అడిగిన ఛానెల్ లేదని, తిప్పికొట్టింది. వెంటనే మీ స్విచ్ 17 అంది, మావైపు 17 తెరుచుకుంది. మీవైపు మాట మాత్రం 18లో పోతోంది. ఇక వినపడేదెలా? 31వ నంబరు ఛానెల్‌ను మీ స్విచ్ ఇంతవరకూ ఒక్క కాల్‌కూ అడగలేదు, కావాలంటే మీ రికార్డులే చూసుకోండి. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా చెడిన గుర్తులు) లేవు, స్లిప్పులు (క్లాక్ తేడాతో వచ్చే లోపాలు) లేవు. కాబట్టి కేబుల్, క్లాక్ అనే మాట మళ్లీ ఎత్తకండి.

మీ నెలవారీ రిపోర్టులో ఇదంతా ఎందుకు కనపడదో కూడా చెబుతాను. విసిగి అవతలివాళ్లు పెట్టేసిన కాల్ మీకు 16వ నంబరు కారణ కోడ్‌తో, అంటే మామూలుగా ముగిసిన కాల్‌గా నమోదవుతుంది. మా పేషెంటు ఇబ్బంది మీ లెక్కలో విజయవంతమైన కాల్ అవుతోంది. నాకు అన్నిటికంటే బాధగా ఉన్నది ఇదే.

ఇంకో టెక్నీషియన్ను పంపకండి. స్విచ్‌లో డేటా మార్చే అధికారం ఉన్నవారిని మా ఇంజనీరుతో నేరుగా ఫోన్‌లో కలపండి. రాత్రి తొమ్మిది దాటాక ఏ వేళ చెప్పినా మేం సిద్ధం. ఛానెల్ మ్యాప్ సరిచేసి, ముప్పై ఛానెళ్లలో ఒక్కొక్కదాని మీద కాల్ చేసి, రెండువైపులా మాట వినిపించిందని మా ఇంజనీరు ఒప్పుకున్నాకే డాకెట్ మూయండి. మాట పోని పదిహేను ఛానెళ్లకు మేం కట్టిన అద్దె వచ్చే బిల్లులో తగ్గించండి.

వారంలోగా ఇది జరగకపోతే మీ కంపెనీ అప్పీలు అధికారికి రాస్తాను. ట్రేస్ ప్రింట్లు, మూసేసిన డాకెట్ల వివరాలు జతచేశాను.

ఇట్లు,
టెలిఫోన్ విభాగం ఇన్‌చార్జి