బుజ్జిగాడి కొరుకుడు గురించి

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు, అందుకే వాట్సాప్‌లో ఇంత పొడుగు రాస్తున్నా, పిల్లలు పడుకున్నాక తీరిగ్గా చదువు. ప్లేస్కూల్లో ఇంకో పిల్లాడి చెయ్యి కొరికాడని, టీచర్ అందరి ముందూ “మీవాడు అగ్రెసివ్” అందని కదా నీ బాధ. నాలుగేళ్లు నిండనివాడికి అప్పుడే ఆ పేరెందుకో!

ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ నడిపినదాన్ని, కొరికేవాళ్లని, గిల్లేవాళ్లని, కిందపడి దొర్లేవాళ్లని ఎంతమందిని చూశానో. ఒకడుండేవాడు, మధ్యాహ్నం గుడ్డు పెట్టగానే గోడకేసి కొట్టేవాడు. ఆయా తిట్టేది, నేనూ ఒకసారి చెయ్యి చేసుకున్నాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత తెలిసింది, వాళ్ల నాన్న దుబాయ్ వెళ్లి పది రోజులైందట, ఇంట్లో గుడ్డు ఒలిచి పెట్టేది ఆయనేనట. బెంగగా ఉందని మూడేళ్లవాడికి చెప్పడం వస్తుందా, చేతిలో ఉన్నది విసురుతాడు. మర్నాటి నుంచి పక్కన కూర్చోబెట్టుకుని అందరి గుడ్లూ వాడిచేతే ఒలిపించాను. విసరడం వెంటనే మానలేదు, కానీ విసిరాక తనే వెళ్లి ఏరుకొచ్చేవాడు. అప్పటినుంచీ ఎవరు ఎంత పేచీ పెట్టినా, ఎంతసేపట్లో తేరుకుని మళ్లీ ఆటలో పడ్డారా అని చూసేదాన్ని.

ట్రైనింగులో ఒక మేడమ్ చెప్పింది, హవాయిలో కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ వాళ్లకి నలభై ఏళ్లొచ్చేదాకా గమనిస్తూ పోయిందట. పేదరికం, ఇంట్లో తాగుడు, గొడవల మధ్య పెరిగినవాళ్లలో కూడా మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అలాంటివాళ్లకి చిన్నప్పుడు గట్టిగా అంటిపెట్టుకున్న పెద్దవాళ్లు ఒకరైనా ఉన్నారట, అమ్మే కానక్కర్లేదు, అమ్మమ్మో టీచరో. (అమ్మమ్మ అనగానే నేను కాస్త పొంగిపోయాన్లే.)

మనవాడికి చెల్లి పుట్టి మూడు నెలలు, కొరకడం మొదలై రెండు నెలలు. ఇంకేం చెప్పను? తమ్ముడు పుట్టినప్పుడు నువ్వూ కత్తెర పట్టుకుని ఉయ్యాల తాడు దగ్గర దొరికావు, గుర్తుందో లేదో.

కొరకబోతే ఆపు, “కోపం వచ్చిందా, వచ్చినా కొరకకూడదు” అని అక్కడితో ఊరుకో, ఉపన్యాసం వద్దు. సాయంత్రం పాపని అల్లుడికిచ్చి, ఫోన్ వేరే గదిలో పెట్టి, పావుగంట వాడొక్కడితోనే కూర్చో. మాట సరిగ్గా రాకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, నెలలు గడిచినా ఇంట్లో బళ్లో ఇలాగే ఉన్నా పిల్లల డాక్టరుకి చూపిద్దాం, అందులో నామోషీ ఏం లేదు.

రోజూ ఎన్నిసార్లు కొరికాడో డైరీలో రాస్తున్నానన్నావు కదా, పక్కనే ఎంతసేపటికి తేరుకున్నాడో, ఎవరి దగ్గరికి వెళ్లాడో కూడా రాయి. ఆదివారం ఫోన్లో చదివి వినిపించు.

అమ్మ