విశాఖలో టవర్లు కట్టండి, యారాడ కొండను మాత్రం కప్పేయకండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నానికి పర్యాటకులు ఇంకా ఎక్కువగా రావాలని, అందుకు ఆకాశహర్మ్యాలు, కొత్త ఆకర్షణలు కావాలని తరచూ వింటున్నాం. నేను వాటికి వ్యతిరేకిని కాను. మా ఊరు పెరగాలనే నా కోరిక కూడా. అయితే తీరం వెంట ఎత్తైన కట్టడాలకు అనుమతులిచ్చే ముందు ఒక్క నియమం పెట్టండి. ఆర్కే బీచ్ నుంచి, రేవు పక్కనున్న మా ఊరి పాత భాగం పాతపట్నం నుంచి, సముద్రంలోని పడవ మీద నుంచి చూసినా కొండల వరుస కనబడాలి. దాన్ని మింగేసే ఎత్తు ఎవరికీ ఇవ్వకూడదు.

అందరూ చెప్పే డాల్ఫిన్ నోస్‌నే తీసుకోండి. మేం యారాడ కొండ అంటాం. ఈ రేవు ఇక్కడ నిలబడిందంటే ఆ కొండ చలవే. తుఫాను గాలుల నుంచి లోపలి రేవుకు అదే అడ్డు. దాని పాదాల పక్కనున్న ఇరుకు కాలువ గుండానే ఓడలు లోపలికి వస్తాయి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడతో మొదలైన రాకపోకలు ఈ రోజుకూ ఆ దారినే సాగుతున్నాయి. పాతపట్నం ఒడ్డున నిలబడితే పెద్ద సరుకు ఓడ కొండకీ ఊరికీ మధ్య నెమ్మదిగా దూరడం కళ్ళారా చూడొచ్చు. మన దేశంలో ఎన్ని ఊళ్ళలో ఇంత దగ్గరగా ఈ దృశ్యం దొరుకుతుంది? అక్కడే చర్చి ఉన్న రాస్ హిల్, దర్గా కొండ, వేంకటేశ్వరస్వామి కొండ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. అయినా బయటి నుంచి వచ్చిన కుటుంబాలు కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం చూసి, కైలాసగిరి ఎక్కి, అటు నుంచి అటే వెళ్ళిపోతున్నాయి. పాతపట్నం వైపు తీసుకెళ్ళేవాళ్ళే లేరు.

టవర్లంటే అందరూ చూపించేది హాంకాంగ్‌నే కదా. అక్కడ ఐసీసీ (ఇంటర్నేషనల్ కామర్స్ సెంటర్) టవర్ ఎత్తు 484 మీటర్లు. దాని నూరో అంతస్తు నుంచి రేవంతా చూడటానికి జనం టికెట్ కొనుక్కుని వెళ్తారు. అదే ఊరు 1991 ప్రణాళికలోనే, ఎంచుకున్న కొన్ని చోట్ల నుంచి చూసినప్పుడు కొండల పైభాగం 20 నుంచి 30 శాతం వరకు ఏ కట్టడమూ అడ్డు రాకుండా ఉండాలని రాసుకుంది. అది మార్గదర్శకం మాత్రమే, చట్టం కాదు. అందుకే కొన్ని టవర్లు ఆ గీత దాటేశాయి. మనం ఆ లొసుగు వదలొద్దు, నిబంధనల్లోనే పెట్టేద్దాం. ఇంకొకటి. 1978లో వాళ్ళు రేవు పక్కన ఉన్న పాత రైల్వే స్టేషన్‌ని కూల్చేశారు. దాని 44 మీటర్ల గడియార స్తంభాన్ని మాత్రం ఉంచారు. ఈ రోజు ఆ పాత స్తంభం దగ్గర నిలబడే జనం ఎదుటి ఒడ్డు టవర్లను ఫొటోలు తీసుకుంటున్నారు. పాతది ఉండబట్టే కొత్తదానికీ అందం వచ్చింది.

మన ఊళ్ళోనే నేవీ విమానాశ్రయం ఉంది కాబట్టి భవనాల ఎత్తుకు ఇప్పటికే ఒక హద్దు ఉంది. అది విమానాల భద్రత కోసం పెట్టింది, కొండల కోసం కాదు. గాలి సంగతీ మరిచిపోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని ఎలా చిదిమేసిందో మేమంతా చూశాం. తీరంలో అద్దాల గోడల టవర్ కడతామనేవాళ్ళు అలాంటి గాలికి అది ఎలా తట్టుకుంటుందో ముందే లెక్కలు చూపించాలి.

ఈ కొండల్ని బాగా ఎరిగినవాళ్ళు జాలర్లు. సముద్రం మీద దూరం నుంచి ఊరిని పోల్చుకునేది వీటితోనే. కాబట్టి ఏ చోట నుంచి ఏ కొండ కనబడాలో తేల్చే పని ఆర్కిటెక్టులకు మాత్రమే అప్పగించకండి. మాస్టర్ ప్లాన్‌లో మార్పులు చేసే ముందు పాతపట్నంలో, జాలరిపేటలో బహిరంగ సభలు పెట్టి, తీరప్రాంతం మ్యాపులు తెలుగులో గోడకు అంటించి, అక్కడివాళ్ళ చేతనే గీతలు గీయించండి. మొదటి సభకు మీరే రావాలని మా కోరిక.

ఇట్లు,
విశాఖ వాసి