ఐదింటికే ఆపేయొచ్చు కదా తాతా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ ఫ్యామిలీ పేజీలో యుద్ధం గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలో అర పేజీ సలహాలు వేశారు. టీవీ కట్టేయండి, నెమ్మదిగా చెప్పండి, భయపెట్టకండి. బాగానే ఉంది. అదే రోజు మొదటి పేజీలో ఏం వేశారో గుర్తుందా? రెండు జెండాలు పక్కపక్కన పెట్టి, ఎవరి దగ్గర ఎన్ని ట్యాంకులు, ఎన్ని విమానాలు, ఎన్ని క్షిపణులు అని రంగురంగుల బొమ్మలు. ఎనిమిదేళ్ల మా మనవడు ముందు చూసేది ఆ పేజీనే. పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ కూడి, "వీళ్లకే ఎక్కువున్నాయి తాతా, వీళ్లే గెలుస్తారు కదా" అన్నాడు. దీనికి జవాబు మీ ఫ్యామిలీ పేజీలో లేదు. మళ్లీ తీసి చదివాను.

కోపం తగ్గాక రాద్దామని ఇన్ని రోజులు ఆగాను. తగ్గలేదు.

చివరికి వాడికి 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు సంగతి చెప్పాను. నవంబరు 11 తెల్లవారుజామున, ఐదు దాటాక, ఫ్రాన్సులో ఒక అడవిలో రైలు పెట్టెలో కూర్చుని సంతకాలు చేశారు. కాల్పులు ఆపేది మాత్రం పదకొండింటికని రాసుకున్నారు. సంతకాలు అయిపోయాయని తెలిసీ కొందరు సేనానులు దాడులు నడిపించారు, ఆ ఒక్కరోజే 2,000 మందికి పైగా పోయారు. హెన్రీ గుంథర్ అనే అమెరికా సైనికుడు 10:59కి చనిపోయాడు. వెనక్కి పొమ్మని ఎదుటి జర్మన్లే చేతులూపారట, అతను ఆగలేదు, వాళ్లు కాల్చారు.

వాడు వేళ్లు ముడిచి లెక్కపెట్టి, "ఆరు గంటలు. ఐదింటికే ఆపేయొచ్చు కదా తాతా?" అన్నాడు. కబురు అందరికీ అందాలి కదా అన్నాను. "ఫోన్లు లేవా?" ఉన్నాయి, వైర్‌లెస్ కూడా ఉంది. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ ఆరు గంటల లెక్క దగ్గర నోరు పెగల్లేదు. ఆ గుంథర్‌కి అంతకుముందు పోయిన సార్జెంట్ హోదాను చనిపోయాక తిరిగి ఇచ్చారని చెబితే వాడు నా మొహం వంక చూసి ఊరుకున్నాడు.

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకీ ఒక మాట. యుద్ధానికి కారణాలు రాయుము, ఫలితాలు రాయుము, అంతేనా? 1928లో పారిస్‌లో ఇకమీదట యుద్ధం జోలికి పోమని సంతకాలు చేసినవాళ్లలో జర్మనీ, ఇటలీ, జపాన్ మొదటిరోజే ఉన్నాయి. పదకొండేళ్లు గడిచాయో లేదో రెండో ప్రపంచ యుద్ధం. ఇలాంటివి చెబితే పిల్లలే అడగాల్సినవి అడుగుతారు, బహుశా అదే ఆ పెద్దల భయమేమో. ఇక టీవీల వాళ్లు సైరన్ మోత పెట్టి మరీ చర్చలు నడుపుతారు. మైకుల ముందు కూర్చునే అధికారులు లక్ష్యాన్ని ఛేదించాం అంటారు, ఆ పక్కనే ఇల్లు కూలితే 'అనుకోని నష్టం' అంటారు. మావాడు బంతితో కిటికీ అద్దం పగలగొట్టి ఆ మాటే అంటే వీపు మోగదూ?

మీరు పేపరు మార్చేస్తారని నాకేమీ ఆశ లేదు. ఆ మొదటి పేజీ వేసేవాళ్లనీ, ఈ ఫ్యామిలీ పేజీ రాసేవాళ్లనీ వారానికి ఒక్కసారైనా ఒకే గదిలో కూర్చోబెట్టండి చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు