ఎడమవైపు తీసుకున్న ఊపిరి

అమ్మలూ,

నిన్న ఈత పోటీ అయ్యాక కారులో నువ్వు ఒక్క ముక్క మాట్లాడలేదు. గాగుల్స్ ఒత్తిన ఎర్రటి గుర్తులు కళ్ల చుట్టూ అలాగే ఉన్నాయి, తల కిటికీకి ఆనించి కూర్చున్నావు. ఇంటికొచ్చి "ఇక మానేస్తాను నాన్నా" అన్నావు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఎదురుగా కూర్చుని చెబితే మధ్యలో నా గొంతు పెరుగుతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. వంద మీటర్ల ఫ్రీస్టయిల్‌లో యాభై దగ్గర టర్న్ చక్కగా తీశావు. గోడను తన్ని పైకి తేలేసరికి పక్క లేన్ అమ్మాయి కంటే ముందున్నావు. చివరి పది మీటర్లలో మాత్రం మూడుసార్లు ఎడమకి ఊపిరి తీశావు. నువ్వు ఎప్పుడూ కుడివైపే కదమ్మా తీసుకునేది! ఎడమవైపు గ్యాలరీలో స్టాప్‌వాచ్ పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. గాలి కోసం కాదు, నా ముఖం కోసం తల తిప్పావు. తిప్పిన ప్రతిసారీ నడుము కిందికి దిగింది, ముందుకు చాచిన చెయ్యి నీళ్లు పట్టకుండానే జారింది. గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కనైన నీళ్లలో ఆ కాస్త వంకరకే వెనకబడిపోతాం. గోడ తాకాక కూడా టైమ్ చూపే బోర్డు కంటే ముందు నన్నే చూశావు. అప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు. క్షమించు తల్లీ.

పన్నెండేళ్లప్పుడు పోటీ పోటీకీ టైమ్ తగ్గేది. పొడుగవుతున్నావు కాబట్టి సగం పని ఒళ్లే చేసిపెట్టింది. ఇప్పుడు సెకనులో పదో వంతు కావాలన్నా, మోచెయ్యి పైనే ఉంచి నీళ్లు పట్టే చోటా, గోడ వదిలాక నీటి అడుగున రెండు కాళ్లూ కలిపి వేసే డాల్ఫిన్ కిక్‌లలోనూ వెతుక్కోవాలి. రోజూ అదే పని, విసుగు పుట్టించే పని. అది నీకు ఇష్టమో కాదో ఓడిన సాయంత్రం తేలదు.

మానేయడం నేరమని మాత్రం నేను అనను. అమెరికా ఈతగాడు ఆంథొనీ ఎర్విన్ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణాన్ని గ్యారీ హాల్ జూనియర్‌తో సమానంగా పంచుకున్నాడు, ఇద్దరిదీ 21.98 సెకన్లు. ఇరవై రెండేళ్లకే ఈత వదిలేశాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి, 2016లో రియో ఒలింపిక్స్‌లో 35 ఏళ్ల వయసులో అదే ఈవెంట్‌లో 21.40తో మళ్లీ స్వర్ణం గెలిచాడు. రెండో స్థానం 21.41. పక్కన పెట్టిన ఆ కాలం అతని ఈతను పాడు చేయలేదు. అమెరికా ఈతగత్తె డారా టోరెస్ అయితే 2008 ఒలింపిక్స్‌లో 41 ఏళ్లకు అదే దూరంలో సెకనులో నూరో వంతు తేడాతో రజతం తెచ్చుకుంది. వాళ్లలా అవ్వమని చెప్పడం లేదు. నీకు బోలెడంత టైముంది, తొందరేం లేదు, అంతే.

స్టాప్‌వాచ్ పొద్దున్నే మీ కోచ్ గారికి ఇచ్చేశాను. రేపు అలారం నేను పెట్టను. నువ్వు పెట్టుకుని లేస్తే పూల్ దగ్గర దింపుతాను, లేవకపోతే హాయిగా పడుకో. మళ్లీ ఎప్పుడైనా పోటీకి దిగితే, నీకు కనబడకుండా పై వరుసలో కూర్చోవాలో, అసలు రావద్దో, నువ్వే చెప్పు.

నాన్న