ఆ చుక్కలు ఎవరివి?

కావలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన మైక్రోస్కోపు ఫొటోలు మా ఆవిడకు కూడా చూపించాను. నల్లటి తెర మీద ఆ ఆకుపచ్చ చుక్కలు చూసి ఎంత బాగున్నాయో అంది. బాగున్నాయి, నిజమే అబ్బయా. కానీ "నా ప్రోటీన్ గుంపులు కడుతోంది" అని రాశావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. గుంపు కట్టేది నీ ప్రోటీనా, అది కణంలో ఎక్కడుందో కనబడాలని దానికి నువ్వు లేబుల్‌గా తగిలించిన ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ జీఎఫ్‌పీనా?

జీఎఫ్‌పీ చిన్నదేం కాదు. 238 అమైనో ఆమ్లాలు, బరువు దాదాపు 27 కిలోడాల్టన్లు. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ మొత్తం కలిపినా 76 అమైనో ఆమ్లాలే. దానికి జీఎఫ్‌పీ తగిలించడమంటే, పసివాడి నెత్తిన మొలగొలుకుల బస్తా పెట్టి వీడి నడక ఎట్లా ఉందో చూద్దాం అన్నట్టే.

పైగా జెల్లీ ఫిష్ నుంచి వచ్చిన ఈ జీఎఫ్‌పీకి తనలాంటి ఇంకోదాన్ని అతుక్కునే గుణం కాస్త ఉంది. విడివిడిగా తిరిగే ప్రోటీన్‌కైతే దాంతో పెద్దగా ఇబ్బంది రాదు. కానీ బ్యాక్టీరియాలో వేరే ప్రోటీన్లను ముక్కలు చేసే క్లిప్-పి (ClpP) సంగతి చూడు. అది 14 ముక్కలు కలిస్తే తయారయ్యేది. ఒక్కో ముక్కకూ ఒక లేబుల్ ఉంటే, ఆ కాస్త జిగురే 14 చోట్ల పట్టేసుకుంటుంది. అందుకే మైక్రోస్కోపులో అది మెరిసే చుక్కలుగా కనబడేది. 2012లో, ఒకదానికొకటి అతుక్కోని లేబుళ్లు పెట్టి చూస్తే చుక్కల్లేవు, ప్రోటీన్ కణమంతా పరుచుకుని ఉంది! అదే ఏడాది, ఈ.కోలైలో కణం ఆకారాన్ని నిలబెట్టే ఎమ్మారీబీ (MreB) ప్రోటీన్ స్ప్రింగులా చుట్టుకుని కనబడటం కూడా ముందు కొసన పెట్టిన పసుపు లేబుల్ చేసిన పనేనని తేలింది.

అందుకని నువ్వు ముందు జీఎఫ్‌పీలో 206వ స్థానంలో అలనిన్ తీసి లైసిన్ పెట్టిన మోనోమర్ రకంతో, అంటే ఒకదానికొకటి అతుక్కోని దాంతో చూడు. తర్వాత లేబుల్‌ని రెండో కొసకు మార్చు. కొసన ఉండే సిగ్నల్‌ని జీఎఫ్‌పీ కప్పేస్తే ప్రోటీన్ వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. నీ ప్రోటీన్ జీన్‌ని మోసే చిన్న డీఎన్ఏ చక్రం ఉంది కదా, ఆ ప్లాస్మిడ్ నుంచి ప్రోటీన్ అవసరానికి మించి తయారవుతున్నా గుంపులు కట్టొచ్చు, అదీ చూసుకో. ఆ ప్రోటీన్‌ని తయారుచేసే అసలు జీన్ తీసేసిన కణంలో నీ లేబుల్ ప్రోటీన్ ఒక్కటే పని నెట్టుకొస్తే నాకు సగం ధైర్యం వస్తుంది. సగమే, ఎందుకంటే పని చేస్తూనే తప్పు చోట కనబడే ప్రోటీన్లూ ఉంటాయి.

మీ గైడ్ పేపర్ రాయమంటున్నాడని టెన్షన్ పడకు, ఈ పరీక్షలయ్యే దాకా ఆగమని అడుగు. నిజం చెప్తున్నాను రా, చుక్కలు వీటన్నిటికీ నిలబడితే నీకంటే ముందు నేనే ఎగిరి గంతేస్తాను. లేబుల్ ఏ కొసన పెట్టావో, మధ్యలో రెంటినీ కలిపే లింకర్ ఎంత పొడవుందో రేపే రాయి. ప్లాస్మిడ్ మ్యాప్ కూడా పంపు.

నీ
రఘు