పొలం అమ్మకంపై నా మాట

చిరంజీవి నాన్నా,

దీవెనలు. ఆర్మూరు దగ్గరి మన పొలం అమ్మి నిజామాబాద్‌లో ప్లాటు కొందామని అడిగావు. నాకు ఇష్టం లేదు. నా కారణాలు విను.

పసుపు తొమ్మిది నెలల పంట. మృగశిరలో విత్తితే సంక్రాంతి దాటాక తవ్వుతాం. ఆపైన పిల్ల దుంపలైన కొమ్ము, తల్లి దుంపైన గోళ వేరుచేయాలి, ఉడకబెట్టాలి, కళ్ళంలో ఎండబెట్టాలి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాలి. ఇంత చాకిరీ చేసి మార్కెట్ యార్డుకు తీసుకెళ్తే, ధర లేని రోజైనా అమ్ముకోవాల్సిందే. అప్పులవాళ్ళు ఆగరు కదా. ఆ కడుపుమంటతోనే 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో మన రైతులు 170 మందికి పైగా పోటీకి నిలిచారు. అభ్యర్థులు మొత్తం 185 మంది! 2025 సంక్రాంతికి పసుపు బోర్డు వచ్చింది, ప్రధాన కార్యాలయం మన నిజామాబాద్‌లోనే. సంతోషమే. రైతులు అడిగిన మద్దతు ధర మాత్రం రాలేదు.

అయినా ఈ ఊళ్ళు నిలిచాయంటే గల్ఫ్ డబ్బు, ఆడవాళ్ళ బీడీలు ఆదుకోబట్టే. మీ నాన్న దుబాయి నుంచి పంపిన సొమ్ముతో బోరు వేయించాం. నీ చదువు ఫీజులు నా బీడీల కూలీతో కట్టాను. ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు చుడుతూ నడుము పడిపోయింది. నీ చెల్లెలిని ఆ చాట ముట్టనివ్వను. ఇంత కష్టం పోసి నిలుపుకున్న నేలను ప్లాటు కోసం ఎలా వదులుకోమంటావు?

అలాగని ఒక్క పంటనే నమ్ముకుందామనడం లేదు. బోధన్ చూడు. 1931లో నిజాంసాగర్ ప్రాజెక్టు పూర్తయ్యాక చెరకు పెరిగింది, చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. 2015లో అది మూతపడితే చెరకు రైతుకు దిక్కు లేకపోయింది. మన పక్కనే ఉన్న అంకాపూర్‌లో అలా కాదు. పసుపు, మక్క, ఎర్రజొన్న, కూరగాయలు, అన్నీ వేస్తారు. ఎర్రజొన్న విత్తనం పశుగ్రాసం కోసం ఉత్తరాది దాకా వెళ్తుంది. వాళ్ళ తెలివి నాకు ఎంతో నచ్చుతుంది.

కాబట్టి ఈసారి పసుపు అర ఎకరమే వేద్దాం. బతుకమ్మ మీద నిలిపే గౌరమ్మకు మన చేలో పసుపు ఉండాలి, అది పూర్తిగా మానలేను. మిగతా చేను మక్కకు, యాసంగిలో ఎర్రజొన్నకు. ఎర్రజొన్న కొనే వ్యాపారితో ధర ముందే కాగితం మీద రాయించుకోవాలి, ఆ మాట నువ్వే ఫోన్లో మాట్లాడు. విత్తనం కొనాలి కనుక రోహిణి కార్తె వెళ్ళేలోపు జవాబు రాయి.

మీ అమ్మ